డీజిల్ ఎటు పోతున్నది

1959 ఫిబ్రవరి 8, ఆదివారం. మంచిర్యాల

బండి నిన్న కరీంనగర్ నుంచి వచ్చింది. పాత డీజిల్ బస్సు. సీట్లన్నీ పీకేసి ఇల్లులాగా చేశారు. అటు రెండు, ఇటు రెండు పడకలు. మధ్యలో రోగిని పడుకోబెట్టే బల్ల. మందుల అల్మారా. వెనుక కిరసనాయిల్ స్టవ్, టాపు మీద నీళ్ళ డ్రమ్ము. నెలకు ఇరవై రోజులు నలుగురం ఇందులోనే ఉండాలి. డాక్టర్ లింగమూర్తి గారు, మంత్రసాని ఐలవ్వ, డ్రైవర్ మొండయ్య, మెకానిక్‌ను నేను. ఐలవ్వ పడకకు పాత చీరతో తెర కట్టాం. ఆమెకు అరవై దాటాయి. తెర తన కోసం కాదట, మేం సిగ్గుపడకుండా ఉండడానికట.

గోదావరి సంచార వైద్య సంఘం వాళ్ళ బండి ఇది. అడవి గూడేల్లో పుండ్ల జబ్బుకు పెన్సిలిన్ సూదులు వేయాలి, కాన్పులు చూడాలి.

డాక్టర్ గారు లాగ్ బుక్ నా చేతికిచ్చారు. ఎన్ని మైళ్ళు తిరిగాం, ఎన్ని గ్యాలన్ల డీజిల్ పట్టింది, రోజూ రాయాలి. మొదటి పేజీ మీద ఆయనే రాశారు: ఇంచార్జి, ఎ. అంబదాస్. సిరిసిల్లలో మగ్గం ముందు కూర్చోలేక పారిపోయినవాణ్ణి. హైదరాబాద్‌లో ఆరేళ్ళు బస్సుల షెడ్డులో నల్లబడ్డాను. ఆ పేజీని నాలుగుసార్లు తెరిచి చూసుకున్నాను.

ఫిబ్రవరి 27

గ్యాలన్‌కు పదకొండు మైళ్ళు. ఇంత పాత ఇంజిన్‌కు ఇది మంచి మైలేజి. నా నాజిల్ సెట్టింగే కారణం. ఎవరితోనూ అనలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను.

మార్చి 3, మంగళవారం. ఆసిఫాబాద్

డాక్టర్ గారికి నిద్ర పట్టడం లేదు. ట్యాంకు నుంచి ఇంజిన్‌కు పోయే రాగి పైపు సరిగ్గా ఆయన పడక కింద నుంచే పోతుంది. ఇంజిన్ ఆడినంతసేపూ గడగడ. మధ్యాహ్నం దాన్ని విప్పి, కొంచెం వంచి, దారి మార్చి బిగించాను. ఛాసిస్‌కు తగలకుండా చుట్టూ గోనెగుడ్డ కుక్కాను. చప్పుడు ఆగిపోయింది. డాక్టర్ గారు భుజం తట్టారు.

మొండన్న కింద వంగి చూశాడు. ఆయన నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. యుద్ధం రోజుల్లో మిలిటరీ లారీలు నడిపాడు. లక్షెట్టిపేట దగ్గరి ఊరు.

"పైపుకు క్లిప్పు ఉండాలె తమ్మీ, గుడ్డ గాదు," అన్నాడు.

క్లిప్పులు మంచిర్యాలలో దొరికినప్పుడు వేద్దామన్నాను.

మార్చి 16

మంచిర్యాలలో క్లిప్పులు దొరికాయి. వేయలేదు. చప్పుడు లేదు కదా అనుకున్నాను.

ఏప్రిల్ 9

పది. ఎండలకు అనుకుంటా.

ఏప్రిల్ 14

తొమ్మిదిన్నర.

ఏప్రిల్ 22, బుధవారం. జైనూరు

రోజంతా పానాలతోనే గడిచింది. ఫిల్టర్ విప్పి కడిగాను. ఎయిర్ క్లీనర్ ఆయిల్ మార్చాను. ఆరు నాజిళ్ళూ తీసి పొగమంచులా కొడుతున్నాయో లేదో చూశాను. బాగానే కొడుతున్నాయి. టైర్లలో గాలి చూశాను. బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని చక్రాలు ఎత్తి తిప్పాను. ఏమీ లేదు.

ఇంకో పీడ మొదలైంది. ట్యాంకు సగానికి దిగాక, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ దగ్గి ఆగిపోతున్నది. పంపులో గాలి చేరుతున్నది. స్క్రూ వదులు చేసి, చేత్తో పంపు కొట్టి, బుడగలన్నీ పోయేదాకా తీసి మళ్ళీ బిగించాలి. ఇవాళ రెండుసార్లు. గూడెం వాళ్ళు చుట్టూ నిలబడి చూశారు. సూదులకు మధ్యాహ్నం రమ్మన్నవాళ్ళు సాయంత్రందాకా ఎండలో కూర్చున్నారు.

మొండన్న వచ్చి బండిలో డీజిల్ వాసన వస్తున్నదన్నాడు. డీజిల్ బండిలో డీజిల్ వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా అన్నాను. ఐలవ్వ నవ్వింది. నాకు సంతోషమైంది.

మే 6

తొమ్మిది. మొండన్న మళ్ళీ అన్నాడు. ట్యాంకు నిండుగా ఉండి బండి ఆగి ఉంటే పైపు దగ్గర కారుతున్నదట. నింపేటప్పుడు ఒలికిందే అయి ఉంటుందన్నాను. వంగి చూడలేదు. నడుము నొప్పిగా ఉంది. నడుము నొప్పి నిజమే. కాని అందుకు కాదు. ఆయన చెప్పాడని చూడడం నాకు ఇష్టం లేకపోయింది.

మే 13, బుధవారం. మంచిర్యాల

కరీంనగర్ ఆఫీసు నుంచి ఉత్తరం. మార్చిలో పదకొండు మైళ్ళు ఇచ్చిన బండి మేలో తొమ్మిదే ఎందుకిస్తున్నదో రాతపూర్వకంగా చెప్పాలట. జూన్ ఆఖరుకు బాగుపడకపోతే బండిని వెనక్కి పిలిపించి అమ్మేస్తారట.

డాక్టర్ గారు ఉత్తరం నాకు చదివి వినిపించి, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఒక్క మాట అన్నారు. ఒక సూదితో ఒళ్ళంతా ఉన్న పుండ్లు మానిపోతున్నాయి, ఆ సూది ఇక వాళ్ళ దగ్గరికి ఎట్లా పోతుంది అని. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

మే 17, ఆదివారం. లక్షెట్టిపేట

సాయంత్రం స్నానం చేసి వస్తుంటే మొండన్న బండి వెనుక నుంచి బయటికి వచ్చాడు. చేతిలో డబ్బా. అందులో డీజిల్, అడుగున నాలుగు వేళ్ళ ఎత్తు. రోడ్డు మీద ఆయన బావమరిది ఎడ్లబండి ఆపుకొని నిలబడి ఉన్నాడు. ఆ బావమరిదికి బావి మీద ఆయిల్ ఇంజిన్ ఉంది.

నన్ను చూసి మొండన్న ఏమీ దాచలేదు. మామూలుగా నవ్వాడు. నేను ఏమీ అడగలేదు. బండెక్కి తలుపు వేసుకున్నాను. డబ్బా ఎటు పోయిందో చూడలేదు.

ఇప్పుడు తెలిసింది డీజిల్ ఎటు పోతున్నదో. ఎంత హాయిగా ఉందో రాయలేను. తప్పు నా ఇంజిన్‌ది కాదు.

మే 24, ఆదివారం. మంచిర్యాల, మధ్యాహ్నం మూడు

అయిపోయింది.

పొద్దున బంకు దగ్గర. సంత రోజు, లారీలు వరుసగా ఉన్నాయి. బంకు నడిపే నాగయ్య చేతి పంపు కొడుతున్నాడు. డాక్టర్ గారు బండి దిగి, మొన్ననే కదా నింపాం, అప్పుడే ఇంత ఎట్లా పట్టింది అని నన్ను అడిగారు. అందరూ విన్నారు.

మొండన్ననే అడగండి అన్నాను. సాయంత్రాలు డబ్బాలు మోసేది ఆయనే అన్నాను. బావమరిది బండి సంగతీ చెప్పాను.

మొండన్నకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"డబ్బల పట్టింది మళ్ళ ట్యాంకులనే పోస్తున్న, సార్. పైపు కారుతున్నదని గీయనకు మూడుసార్లు జెప్పిన."

"కారితే నాకు కనబడదా? మేస్త్రిని నేనా, నువ్వా?" అన్నాను. ఆయన్ను ఇంతకుముందు ఎన్నడూ నువ్వు అనలేదు.

లారీ వాళ్ళలో ఎవరో నవ్వారు. "పెద్దమనిషి, కారని పైపుకెళ్ళి నూనె దీసిండు," అన్నాడొకడు. ఇంకా నవ్వారు.

డాక్టర్ గారి చెయ్యి జేబు మీదికి పోయింది. జేబులో ఆ ఉత్తరం ఉంది. తాళాలు ఇమ్మన్నారు. మొండన్న ఇచ్చాడు. తర్వాత సంఘం వాళ్ళిచ్చిన ఖాకీ చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పి, మడతపెట్టి, బానెట్ మీద పెట్టాడు. బనీను మీద, ఆ ఎండలో, సంత మధ్య నుంచి లక్షెట్టిపేట రోడ్డు పట్టి నడిచి వెళ్ళాడు.

డాక్టర్ గారు కరీంనగర్‌కు ఉత్తరం రాశారు. కారణం తెలిసింది, మనిషిని తీసేశాం అని.

మే 25

మూడుసార్లు కాదు. రెండేసార్లు చెప్పాడు.

మే 26

క్లిప్పు మాట కలిపితే మూడు.

జూన్ 4, గురువారం. ఆసిఫాబాద్ ఆసుపత్రి ఆవరణ

ఇవాళ జరిగిందంతా రాయాలి. ఒక్కటీ వదలకూడదు.

మొండన్న పోయాక నేనే నడుపుతున్నాను. పది రోజులు క్యాంపు లేదు, నిన్ననే బయల్దేరాం. పొద్దున జైనూరు అవతలి గూడెం నుంచి ఒక ఆడమనిషిని మంచం మీద మోసుకొచ్చారు. తొలి కాన్పు. రెండు రోజులుగా నొప్పులు. ఐలవ్వ చేయి పెట్టి చూసి డాక్టర్ గారి వైపు చూసింది. ఆసిఫాబాద్ తీసుకుపోవాలన్నారు. బల్ల మీద పడుకోబెట్టారు. భర్త తల దగ్గర నిలబడ్డాడు.

కేరమేరి ఘాట్ మధ్యలో ఇంజిన్ దగ్గి ఆగింది. చక్రాల కింద రాళ్ళు పెట్టి గాలి తీశాను. స్టార్టయింది. రెండు మలుపులు తిరిగి మళ్ళీ ఆగింది. మళ్ళీ తీశాను. మళ్ళీ ఆగింది. లోపల ఆమె అరవడం మానేసి మూలుగుతున్నది. అరుపే నయం. డాక్టర్ గారు కిటికీలోంచి తల బయట పెట్టి, "ఇంక ఎంతసేపు, అంబదాస్?" అన్నారు. ఆయన చేతులు మోచేతులదాకా ఎర్రగా ఉన్నాయి.

పంపులోకి గాలి ఎక్కడి నుంచో రావాలి. పంపు నుంచి వెనక్కి, ఒక్కో జాయింటూ చేత్తో తడుముకుంటూ బండి కిందికి పాకాను. డాక్టర్ గారి పడక కిందికి వచ్చేసరికి చేతికి గోనెగుడ్డ తగిలింది. పిండితే డీజిల్ కారింది. గుడ్డ లాగేశాను. నేను వంచిన చోట, పైపు ఛాసిస్ అంచుకు ఒరుసుకుని ఒరుసుకుని అరిగిపోయింది. సూది మోపినంత చిల్లు. ట్యాంకు నిండుగా ఉంటే, బండి ఆగినప్పుడు అందులోంచి డీజిల్ కారుతుంది. ట్యాంకు దిగితే, బండి నడిచేటప్పుడు అందులోంచే గాలి పీల్చుకుంటుంది. ఆ రెండు జబ్బులకూ ఒకటే చిల్లు. కారినదాన్ని గోనెగుడ్డ తాగి దాచింది.

బండి కింద వెల్లకిలా పడుకుని ఎంతసేపు ఉన్నానో తెలియదు. పైన పసిపిల్ల ఏడ్చింది. అప్పుడు కదిలాను.

బట్టల సబ్బు చిల్లులోకి కుక్కి, ఐలవ్వను అడిగి చీర పేలిక చుట్టి, దారంతో బిగించాను. ఈసారి ఇంజిన్ ఆగలేదు. తల్లికి రక్తం ఆగడం లేదు. ఆసిఫాబాద్ దాకా బండి ఎట్లా నడిపానో గుర్తు లేదు. ఇక్కడి డాక్టర్లు సాయంత్రానికి గండం గడిచిందన్నారు. ఆడపిల్ల.

ఆమె భర్త బయటికి వచ్చి నా కాళ్ళు మొక్కాడు. నేను వెనక్కి జరిగాను. ఆయన మళ్ళీ ముందుకు వచ్చి మొక్కాడు.

ఘాట్‌లో బండి మళ్ళీ తీసే ముందు గోనెగుడ్డను లోయలోకి విసిరేశాను. ఎందుకు విసిరానో రాయను.

రాస్తాను. ఎవరూ చూడకూడదని.

జూన్ 9

మంచిర్యాలలో కొత్త పైపు వేశాను. మూడు చోట్ల క్లిప్పులు. ఏం బాగు చేశావని డాక్టర్ గారు అడిగారు. ఫిల్టర్ జామ్ అయిందన్నాను. నోట్లోంచి ఎంత తేలికగా వచ్చింది.

రేపు చెప్పాలి.

జూన్ 20, శనివారం

గ్యాలన్‌కు పదకొండు మైళ్ళు.

డాక్టర్ గారు లాగ్ బుక్ చూసి, "చూసినవా, మనిషి పోంగనే డీజిల్ నిలవడ్డది. నాకు మనసుల ఎక్కడ్నో అనుమానం ఉండె, మొండయ్యకు అన్యాయం చేసిన్నా అని. ఇగ నిద్ర పడ్తది," అన్నారు.

నేను బాగు చేసిందే ఆయన మీద సాక్ష్యమైంది. పైపు అట్లాగే వదిలేసి ఉంటే, మొండన్న పోయాక కూడా డీజిల్ కారుతూనే ఉండేది, ఆయన దొంగ కాదని దానంతటదే తేలేది.

జూన్ 21

చెప్పలేదు.

జూలై 11, శనివారం

కరీంనగర్ నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం. బండి ఉంటుంది. అందులో నా పేరు రెండుసార్లు ఉంది.

జూలై 30

ఐలవ్వకు లక్షెట్టిపేట అంగడిలో మొండన్న భార్య పోశవ్వ కనబడిందట. ఏ లారీ ఓనరూ ఆయనకు స్టీరింగ్ ఇవ్వడం లేదట. బంకు దగ్గరి మాట ముందే చేరుతున్నది. గోదావరి దాటి ధర్మపురి వెళ్ళి ఏదో మిల్లులో చేరాడట.

చెప్పడం అయ్యాక ఐలవ్వ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ, "ఘాట్ల నువ్వు రిపేర్ జేసిన కాడ్నుంచి బండ్ల డీజిల్ వాసన వస్తలేదు గదరా," అన్నది.

తలెత్తి నన్ను చూడలేదు. రాళ్ళు ఏరుతూనే ఉంది.

ఆగస్టు 16

పదకొండు.

సెప్టెంబర్ 2

పదకొండుంపావు. ఆ అంకె వేసి వెంటనే పుస్తకం మూసేశాను.

సెప్టెంబర్ 19, శనివారం. జైనూరు

ఘాట్ మీద పుట్టిన పిల్లను తెచ్చి చూపించారు. మూడున్నర నెలలు. నా చేతుల్లో పెట్టారు. ఈ బండిని నడిపించినవాడు ఈయనే అని తండ్రి వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. పిల్ల నా వేలు పట్టుకుంది. తిరిగి ఇచ్చేసి, పని ఉందని బండి కిందికి దూరాను. ఏ పనీ లేదు.

అక్టోబర్ 18, ఆదివారం. ధర్మపురి నుంచి తిరిగి వచ్చాక

నీళ్ళు తగ్గాయి. రాయపట్నం దగ్గర పడవ దాటి పోయాను.

బియ్యం మిల్లు ఊరి చివర. మొండన్న ఆయిల్ ఇంజిన్ దగ్గర కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి, "కూసోండ్రి," అన్నాడు. తమ్మీ అనలేదు.

పోశవ్వ నీళ్ళిచ్చి లోపలికి వెళ్ళింది. నేను వర్షాల గురించి మాట్లాడాను. రోడ్ల గురించి మాట్లాడాను. ఇంతలో ఇంజిన్‌లో నూనె అయిపోవచ్చింది. మొండన్న లేవలేదు. మిల్లు ఓనర్‌కు కేక వేశాడు. ఓనర్ తన నడుముకు కట్టుకున్న తాళంచెవితో గది తెరిచి, డ్రమ్ములోంచి తనే నూనె తోడి, తనే ఇంజిన్‌లో పోసి, మళ్ళీ తాళం వేసుకుని పోయాడు. అప్పుడు మొండన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడవైపు చూస్తున్నాడు. రోజూ ఇట్లాగే జరుగుతుందన్నమాట.

గంట గడిచింది. ఆయనే అడిగాడు.

"పైపు మార్చిన్రా?"

మార్చానన్నాను.

"ఎప్పుడు?"

"జూన్‌లో."

ఆయన వేళ్ళు మడిచాడు. జూన్, జూలై, ఆగస్టు, సెప్టెంబర్. అక్టోబర్ దగ్గర వేలు సగం మడిచి ఆపాడు.

నేను చెప్పదలచుకున్నదంతా అప్పుడు చెప్పాను. గోనెగుడ్డ, చిల్లు, లోయ, ఫిల్టర్ అబద్ధం, కరీంనగర్ ఉత్తరం. తప్పయిందన్నాను. ఏడ్చాను కూడా. ఇంజిన్ చప్పుడులో నా ఏడుపు నాకే వినబడలేదు.

ఆయన పూర్తిగా విన్నాడు.

"గీ మాట నాకెందుకు చెప్తున్రు? నాకు ముందుగాలనే ఎరుక గద. ఎరుక లేనోళ్ళకు చెప్పుండ్రి," అన్నాడు.

పోశవ్వ అన్నం తిని పొమ్మన్నది. పడవ తప్పిపోతుందని వచ్చేశాను. పడవకు ఇంకా చాలా సమయం ఉంది. రేవులో కూర్చున్నాను.

అక్టోబర్ 20

డాక్టర్ గారికి చెప్పాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

తర్వాత మెల్లగా చెప్పారు. మొండయ్యను తీసేసిన ఉత్తరం మీద సంతకం తనదట. ఇప్పుడు ఇది బయటికొస్తే సంఘం వాళ్ళు బండినే ఆపేయవచ్చట. గూడేల సంగతి ఆలోచించమన్నారు. "మొండయ్యకు వేరే తీర్గ ఏమన్న సాయం చేద్దాం," అన్నారు.

ఆయన మంచివాడు. అందుకే ఆ మాట నన్ను పట్టుకుంది. ఇంకొన్నాళ్ళు ఆలోచిస్తున్నట్టు నటిస్తే సరిపోతుందనిపించింది. ఐదు నెలలు నేను చేసింది అదే.

అక్టోబర్ 25, ఆదివారం. మంచిర్యాల

సంత రోజు. బంకు దగ్గరికి నడిచి వెళ్ళాను. ఐదు లారీలున్నాయి. నాగయ్య పంపు కొడుతున్నాడు.

మొండయ్య దొంగ కాదు అన్నాను. ఎవరూ తిరగలేదు. నాగయ్య, "ఏంది?" అన్నాడు.

ఇంకోసారి గట్టిగా చెప్పాను. నేను వేసిన పైపు కారింది. ఆయన కారినదాన్ని పట్టి ట్యాంకులో పోశాడు. నేను ఆయన్ను ఇక్కడే, మీ అందరి ముందు దొంగ అన్నాను. దొంగను నేను.

పంపు ఆగింది. కొందరికి మొండయ్య ఎవరో గుర్తులేదు. ఒకడు నవ్వి, తాగినట్టున్నడు అన్నాడు. ఒక ముసలి లారీ డ్రైవర్ మాత్రం దిగి దగ్గరికి వచ్చాడు. రాయమల్లు ఆయన పేరు, మొండన్నతో మిలిటరీలో పనిచేశాడట.

"గీ ఐదు నెల్లు నోట్ల ఏం బెట్టుకున్నవు?" అన్నాడు.

ఆయన ఉమ్మేసి, లారీ ఎక్కాడు.

చెబితే గుండె తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

అక్టోబర్ 26

కరీంనగర్‌కు నేనే ఉత్తరం రాశాను. డాక్టర్ గారికి చూపించాను. చదివి నాకు వెనక్కి ఇచ్చేశారు. సాయంత్రం టపా వేసే ముందు మళ్ళీ అడిగి తీసుకుని, నా సంతకం కింద తన సంతకం పెట్టారు. నన్ను చూడలేదు.

నవంబర్ 19, గురువారం

ఆర్డర్ వచ్చింది. మొండయ్యను పాత ఉద్యోగంలోకి తీసుకోవాలి. నేను మెకానిక్‌గా మాత్రమే ఉండాలి, ఇంచార్జి కాదు. లాగ్ బుక్ ఇక డాక్టర్ గారి దగ్గర. బండి ఆగదు.

ఆయన రాడనుకున్నాను. ఐలవ్వ ధర్మపురి వెళ్ళి మాట్లాడింది. వస్తాడట. ఏమన్నాడని అడిగాను. గూడేలోళ్ళు ఏం పాపం జేసిన్రు అన్నాడట. నా పేరు ఎత్తాడా అని అడిగాను. ఐలవ్వ లేచి స్టవ్ వెలిగించింది.

డిసెంబర్ 12, శనివారం. జైనూరు

ఆరు రోజులుగా మొండన్న బండి నడుపుతున్నాడు. పని మాటలు మాట్లాడుతున్నాడు. పానా ఇవ్వండి అంటే ఇస్తున్నాను. పడుకోవడం మాత్రం బయట, గూడెం వాళ్ళ నెగడి మంట పక్కన. ఈ చలిలో లోపల ఉక్కగా ఉంటుందట. ఇవాళ పొద్దున ఆయన దుప్పటి ఎండలో ఆరేశాడు. మంచుకు నీళ్ళు కారుతున్నది.